శాలువా మీద అలలు

కుప్పయ్యను పాడె మీదికి ఎత్తబోతుండగా పోలీసు జీపు వచ్చి వాకిట్లో ఆగింది.

డప్పులు ఆగిపోయాయి. పూలు చల్లేవాడి చెయ్యి బుట్టలోనే ఉండిపోయింది. డెబ్బై దాటిన మనిషి, ఆరేళ్లుగా పక్షవాతంతో మంచాన పడి ఉన్న మనిషి, తెల్లవారుజామున కన్నుమూస్తే అందులో పోలీసులకేం పని? చిత్తూరు బెల్లం మండీ వెనక వీధిలో చేరిన జనమంతా అదే అనుకున్నారు.

పిలిచింది కొడుకే. పేరు ధనశేఖర్. శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో మేనేజరు. తండ్రి పోయాడని ఫోను రాగానే కారులో బయలుదేరి ఎనిమిది గంటలకు ఇల్లు చేరాడు. చేరినప్పటి నుంచీ అతనిది ఒకటే అనుమానం. రాత్రంతా నాయన దగ్గర ఉన్నది ఒక్కతే. నైట్ డ్యూటీ చేసే కృపామణి.

సి.ఐ. మునిచంద్ర జీపు దిగాడు. శవాన్ని చూశాడు.

ఇరవై ఏళ్లకు పైబడిన సర్వీసు అతనిది. మొదట్లో ఒక శవాన్ని చూస్తే రెండు రోజులు అన్నం సహించేది కాదు. ఇప్పుడు శవం పక్కన నిలబడి టీ తాగగలడు. టీ రుచి మాత్రం తెలియదు. ఏ రుచీ తెలిసి చాలాకాలమైంది. అందుకు విచారం కూడా లేదు. విచారం పుట్టే చోటే మొద్దుబారిపోయింది.

శవాన్ని పోస్ట్‌మార్టానికి పంపమన్నాడు.

"వద్దు సార్. నాయనను కోయొద్దు," అంది లోపలినుంచి వచ్చిన ఒక ఆడమనిషి.

ఆమె కుప్పయ్య కూతురు నాగవేణి. వయసు నలభై ఆరు. తండ్రికి పక్షవాతం వచ్చిన నాడు బాలవాడిలో టీచరు ఉద్యోగం మానేసి ఈ ఇంట్లో అడుగుపెట్టింది. మళ్లీ బయటికి అడుగుపెట్టలేదు. పెళ్లి మాట ఆమె ఎత్తలేదు, ఇంకెవరూ ఎత్తలేదు. నీళ్లు పోయడం, తినిపించడం, పక్కబట్టలు మార్చడం, తిట్లు తినడం, అన్నీ ఆమెవే. రాత్రిళ్లయినా కునుకు తీయమని మూడు నెలల కిందట ధనశేఖర్ కృపామణిని పెట్టించాడు. అతను మాత్రం నెలకోసారి వచ్చి, హాల్లో కూర్చుని కాఫీ తాగి పోయేవాడు.

నాగవేణి మాట ఎవరూ లెక్కచెయ్యలేదు. పాడె కోసం తెచ్చిన పూలు అరుగు మీదే వాడిపోయాయి.

మర్నాడు రిపోర్టు వచ్చింది. ఊపిరాడక పోయాడని రాసింది డాక్టరమ్మ. కంటి లోపలి పొరల్లో సన్నటి నెత్తుటి చుక్కలు. గొంతు మీద వేలిముద్రల్లేవు. పెదవుల మీద గాయం లేదు. ప్రాణం పోయిన సమయం కచ్చితంగా చెప్పలేనంది. రాత్రంతా ఏ.సి. గదిలో చల్లబడిన ఒళ్లు కాబట్టి, తెల్లవారుజాము నుంచి పొద్దెక్కేదాకా ఎప్పుడైనా కావొచ్చట.

ధనశేఖర్ అన్న మాట నిజమే అయింది. ఊపిరాడకుండా చేసిందెవరు? రాత్రంతా ఆ గదిలో ఉన్నది కృపామణి ఒక్కతే. ఉదయం ఆరింటికి బస్సెక్కి గూడూరు దగ్గరున్న తన ఊరికి పోయింది. దానికితోడు రెండు రోజుల ముందు కుప్పయ్య ఆమె మీదికి కంచం విసిరాడు. "ఈ సాకిరీ ఎప్పుడు తీరునో దేవునికే తెలియాల," అని ఆమె అంది. ఆ మాట ఇరుగు పొరుగు విన్నారు. విన్నవాళ్లందరూ ఇప్పుడు పరుగున వచ్చి స్టేట్‌మెంట్ ఇచ్చారు. ఊరందరిదీ ఒకే మాటైనప్పుడు సి.ఐ.కి పని తేలికే.

మునిచంద్ర ఆమెను అరెస్టు చేశాడు.

నర్సు చదువు సగంలో ఆపేసిన మనిషి. ఇంకొకరి ఇళ్లలో ముసలివాళ్లకు సేవ చేసి ఇద్దరు పిల్లల్ని చదివిస్తోంది. ఒకసారి హత్యానేరం మీద పడితే, రేపు కోర్టు వదిలేసినా, ఏ ఇంటివాళ్లు గుమ్మం తొక్కనిస్తారు? ఆమె ఏడవలేదు. అడిగినదానికి మాత్రం జవాబు చెప్పింది. రాత్రి మామూలుగానే ఇన్సులిన్ ఇచ్చింది. అన్నం తిన్నాడు. పడుకున్నాడు. ఐదు గంటలకు తడితే ఒళ్లు చల్లగా, చెమటగా ఉంది. పిలిస్తే పలకలేదు.

"పల్స్ నాకు అందలేదు సార్. అందలేదన్నాను గానీ పోయినాడని నేను అనలేదు. 108కి ఫోన్ జేసి ఆసుపత్రికి తీసకపోదామన్నాను," అంది.

ఈలోగా నాగవేణి వీధి చివరనుండే ఆర్.ఎం.పి. డాక్టరును పిలిపించింది. ఆయన వచ్చి చెయ్యి పట్టుకొని, కట్టెలా బిగుసుకుపోయిందని పెదవి విరిచాడు. నాగవేణి గుండెలు బాదుకొని ఏడ్చింది. వీధంతా లేచింది. ఇంక నీతో పనేముందని కృపామణిని పంపేశారు. ఆమె చెప్పింది ఇంతే. తప్పించుకోవడానికి చెప్పే మాటలు ఇలాగే ఉంటాయి. ఆమె రిమాండుకు పోయింది.

కేసు ముగిసినట్టే. చార్జిషీటు త్వరగా వెయ్యమని పైనుంచి ఫోను కూడా వచ్చింది.

నాలుగో రోజు డాక్టరమ్మ ఇంకో కేసు పని మీద ఫోను చేసి, పెట్టేసే ముందు ఒక మాట అడిగింది. దూది గురించి రాసింది చదివారా అని.

మునిచంద్ర చదవలేదనే చెప్పాలి. చదివాడు గానీ పట్టించుకోలేదు. శవం ముక్కులో దూది ఉండక ఏముంటుంది?

"దూది ఉండటం మామూలే. అంత లోపలికి పోయి ఉండటం మామూలు కాదు. ఎవరన్నా గట్టిగా కుక్కైనా ఉండాల. లేదంటే ఆయనే పీల్చుకోనైనా ఉండాల. ఏదో నేను చెప్పలేను," అంది ఆమె.

మునిచంద్ర ఫోను కింద పెట్టాడు. హెడ్ కానిస్టేబుల్ ఆనందమ్మ టీ తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఆనందమ్మా, మీ ఇండ్లలో శవానికి దూది ఎప్పుడు పెడతారు?"

"నీళ్లు పోసినాక సార్. గడ్డానికి గుడ్డ కట్టేది, ముక్కులో దూది పెట్టేది, అన్నీ నీళ్లు పోసి కొత్తబట్ట కట్టినాకనే. ముందే పెడితే తడిసిపోదా?"

వెంటనే ధనశేఖర్‌కు ఫోను చేశాడు. నీళ్లు పోసింది ఎవరు? తానూ, ఇద్దరు బంధువులూ అని జవాబు. దూది ఎవరు పెట్టారు? అది అప్పటికే పెట్టి ఉండిందని, గడ్డానికి గుడ్డ కూడా కట్టేసి ఉండిందని, మంగలి ముందే వచ్చి పని కానిచ్చేసి ఉంటాడనుకున్నానని ధనశేఖర్ చెప్పాడు. మంగలిని అడిగితే తాను శవాన్ని ముట్టనే లేదన్నాడు.

అయితే దూది ముందే ఎవరో పెట్టారు. ఎప్పుడు? రాత్రి కృపామణి పెట్టిందా? ఆ ఉదయం కుప్పయ్య ముఖం ఎలా ఉందో చూపించే ఫొటో ఏదైనా దొరకాలి. ధనశేఖర్‌ను మళ్లీ అడిగాడు. ఫొటో ఎందుకు సార్, అంతకన్నా మంచిదే ఉంది అన్నాడతను. నాయన విగ్రహం చేయించడానికి ఆ ఉదయమే తిరుపతి నుంచి మనిషిని పిలిపించి ఒళ్లంతా త్రీడీ స్కాన్ తీయించాడట.

బతికుండగా నెలకోసారి చూడ్డానికి తీరికలేనివాడికి, పోయాక నిలువెత్తు విగ్రహం కావాల్సి వచ్చింది. చచ్చినవాడి కళ్లు చారెడని ఊరికే అనలేదు.

తిరుపతిలో ఒక మేడ మీద రెండు గదుల్లో ఉంది ఆ స్టూడియో. నడిపే అమ్మాయి పేరు లోహిత. ఇంజనీరింగ్ చదివింది. గోడల వెంబడి ఫైబరుతో చేసిన తలలు వరసగా పెట్టి ఉన్నాయి. అందరూ ఎవరో ఒకరి తాతలు, అవ్వలు. అందరి చర్మమూ నున్నగా ఉంది.

మునిచంద్ర తన పని చెప్పాడు. లోహిత కంప్యూటర్ మీద కుప్పయ్యను తెరిచింది. కుర్చీలో కూర్చుని, భుజాల మీద శాలువా కప్పుకొని, కళ్లు మూసుకొని ఉన్న కుప్పయ్య. మౌస్ తిప్పితే మనిషి తిరిగాడు. వాళ్ల ఇంటి ఆచారం ప్రకారం శవాన్ని కుర్చీలో కూర్చోబెడతారు. విగ్రహానికి అది కలిసి వచ్చింది. నీళ్లు పోసి అలంకరిస్తే ముఖం మారిపోతుంది కాబట్టి ముందే తీస్తానని లోహితే చెప్పిందట. లోపలి గదిలో కిటికీలు మూసి, తొమ్మిదింటికి మొదలుపెట్టింది.

"ముక్కు దగ్గరికి పో."

పోయింది. రెండు ముక్కు రంధ్రాలూ ఖాళీగా ఉన్నాయి. దూది లేదు. గడ్డానికి గుడ్డ లేదు.

అంటే కృపామణి వెళ్లిన మూడు గంటల తరవాత కూడా ముక్కులో దూది లేదు. మునిచంద్ర కుర్చీ దగ్గరగా లాక్కున్నాడు.

"ఇది ఎట్ల తీస్తారు?"

లోహిత చెప్పింది. ప్రొజెక్టరు నుంచి నలుపు తెలుపు చారలు మనిషి మీద వేస్తారు. గోడ మీద వేస్తే చారలు తిన్నగా పడతాయి. ముక్కు మీద పడితే వంగుతాయి. చెంప మీద ఇంకోలా వంగుతాయి. ఎంత వంగిందో చూసి ఎంత ఎత్తో లెక్క కడతారు. చారలు జరుపుతూ, సన్నగా చేస్తూ, ఒకదాని వెనక ఒకటి ఫొటోలు తీస్తారు. తెల్ల పంచె, నల్లని ఒళ్లు రెండూ సరిగ్గా రావాలంటే వెలుగు తగ్గించి పెంచి అన్నీ మళ్లీ తీయాలి. ఒక్కో పక్కకు అర నిమిషం దాకా పడుతుంది.

"లెక్క కట్టేదానికి?"

"అదా సార్, ఫొటోలన్నీ ఒక దిమ్మెగా పేరుస్తాను. టెన్సర్ అంటారు. ఒక్కో చుక్కనూ ఒకటి తరవాత ఒకటి లెక్కేస్తే తెల్లారిపోతాది. దిమ్మె మొత్తం గ్రాఫిక్ కార్డులోకి పంపిస్తే, లక్షల చుక్కల్నీ ఒకేసారి లెక్కేస్తాది. బెల్లం దిమ్మెను గోకి గోకి తినేదానికీ, దిమ్మెంతా ఒక్కసారి నీళ్లలో కరిగించేదానికీ ఉండే తేడా. వాళ్ల ఇంట్లోనే, నా ల్యాప్‌టాప్ మీదనే, క్షణాల్లో బొమ్మ వచ్చేసింది."

మునిచంద్ర తెర మీది ఛాతీని చూశాడు. నున్నగా, గోడకున్న తలల్లాగే ఉంది.

"ఇది ఆయన ఉన్నది ఉన్నట్టేనా? నువ్వేమన్నా చేసినావా?"

లోహిత కొంచెం తడబడింది. చిన్న చిన్న లోపాలుంటే ప్రోగ్రామే నున్నగా చేస్తుందని చెప్పింది. ఏం లోపాలని అడిగాడు. అలలు అంది. ఫొటోలు తీసేటప్పుడు ఏదైనా కదిలితే, ఒక ఫొటోకూ ఇంకో ఫొటోకూ చారలు కుదరవు. అప్పుడు ఆ చోట బొమ్మ మీద అలలు లేస్తాయి. వాటిని చెరిపేయడం మామూలే.

"చెరపకముందుది చూపించు."

లోహిత పాత ఫైలు తెరిచింది. శాలువా మీద, ఛాతీ నుంచి పొట్టదాకా, సన్నటి అలలు వరసగా లేచి ఉన్నాయి.

"కుర్చీ ఊగిందేమో?"

"ఊగితే మోకాళ్ల మీదా రావాల సార్. కుర్చీ చేతుల మీదా రావాల. ముఖం మీద లేవు, మోకాళ్ల మీద లేవు." తాను చెప్పినదే తనకు వినబడినట్టు ఆమె ఆగిపోయింది. "అప్పుడే వాళ్ల ఇంటి అక్కను అడిగినాను సార్, ఈ అలలేందక్కా అని. అవి ఎందుకొస్తాయి పాపా అన్నాది. ఏదన్నా కదిలితే వస్తాయన్నాను. ఆయన వైపు చాలాసేపు చూసింది. తరవాత, నేను శాలువా సర్దినాను, అందుకే అనింది."

"నువ్వు చూసినావా, సర్దటం?"

"లేదు సార్. నేను ల్యాప్‌టాప్ చూస్తా ఉన్నాను. ఆ గదిలో నేను, ఆమె. అంతే. వెలుగు రాకుండా తలుపు దగ్గర పరదా పట్టుకున్నింది."

అసలు ఫొటోలు ఒక్కొక్కటే తిప్పించాడు. ముందు నుంచి, ఎడమ నుంచి, కుడి నుంచి. చారలు పడ్డ శాలువా. చారలు పడ్డ గోడ. ఏ ఒక్క ఫొటోలోనూ ఎవరి చెయ్యీ లేదు. ఫ్యాను తానే ఆపించానని, తిరిగితే కుర్చీ చేతికి తగిలించిన దండలో పూలు కదిలి పని చెడుతుందని లోహిత అంది. దండ మీద కూడా అలల్లేవు.

మునిచంద్ర అడిగాడు, కదిలింది ఎట్ల కదిలిందో తెలుసుకునే దారి ఉందా అని.

లోహిత ఆలోచించింది. ఒక దారి ఉందంది. ఛాతీ ఇంత లేచి ఉంటే, ఇంత సేపటికోసారి లేచి ఉంటే అని ఊహించి, ఆ మేరకు సరిచేసి మళ్లీ లెక్క కట్టాలి. ఏ ఊహకు అలలు మాయమవుతాయో అదే నిజం. వేల ఊహలు. ఒక్కొక్కటిగా చూస్తే వారాలు పడుతుంది. అన్నీ ఒకే దిమ్మెలో పేర్చి ఒకేసారి లెక్కిస్తే అంతసేపు అక్కర్లేదు.

ఆమె టైపు చేసింది. కంప్యూటర్‌లో గ్రాఫిక్ కార్డు ఫ్యాను గట్టిగా తిరిగింది.

వేల ఊహల్లో ఒక్కదానికి అలలు పోయాయి. ఛాతీ రెండు మిల్లీమీటర్లు లేచి దిగింది. ఏడెనిమిది సెకన్లకు ఒకసారి. ముందు నుంచి తీసినదానికీ అదే, ఎడమ నుంచి తీసినదానికీ అదే, కుడి నుంచి తీసినదానికీ అదే.

లోహిత చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"సార్, నేను బతికున్న మనిషిని..."

"నువ్వు చెయ్యలేదు," అన్నాడు మునిచంద్ర. ఇంతకు మించి ఓదార్చడం అతనికి చేతకాలేదు.

ఆరో రోజు ఉదయం కుప్పయ్య ఇంట్లో అందరినీ కూర్చోబెట్టాడు. ధనశేఖర్. నాగవేణి. ఆర్.ఎం.పి. డాక్టరు. ల్యాప్‌టాప్‌తో లోహిత. కోర్టు అనుమతితో కస్టడీకి తెచ్చిన కృపామణి, పక్కన ఆనందమ్మ. కృపామణిని చూడగానే ధనశేఖర్ లేచి, ఈమెను ఇంట్లోకి ఎందుకు రానిచ్చారని గట్టిగా అడిగాడు. మునిచంద్ర అతన్ని కూర్చోమన్నాడు. డాక్టరు వైపు తిరిగాడు.

"ఆ రోజు ఏ చెయ్యి పట్టుకున్నారు?"

"గోడ పక్కకు పడుకున్నాడు. నాకు అందింది ఎడమ చెయ్యి."

"బిగుసుకుపోయిందన్నారు?"

"కట్టె మాదిరి ఉండింది."

"పక్షవాతం వచ్చింది ఏ చేతికి?"

ఆరేళ్లుగా కట్టెలాగే ఉన్న చేతిని పట్టుకొని డాక్టరు మరణం ఖాయం చేశాడు.

మునిచంద్ర విడమరిచి చెప్పాడు. గొంతు ఎత్తలేదు, దించలేదు. కుప్పయ్యకు కిడ్నీలు దెబ్బతిన్నాయని పోస్ట్‌మార్టంలో తేలింది. అలాంటివాళ్ల ఒంట్లో ఇన్సులిన్ నిలవ ఉండిపోతుంది. మామూలు డోసుకే షుగర్ పడిపోతుంది. ఒళ్లు చల్లబడి, ఊపిరి నెమ్మదించి, మనిషి స్పృహ తప్పుతాడు. అది ఎవరి తప్పూ కాదు. తప్పు ఆ తరవాత జరిగింది. ఒకరు పోయాడన్నారు. అన్నాక ఇంకెవరూ మళ్లీ చూడలేదు. నలుగురు కలిసి ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ నలుగురికీ తెలియలేదు.

లోహిత తెర తిప్పింది. శాలువా మీద అలలు కనిపించాయి. తరవాత, ఛాతీ లేవడం. దిగడం. మళ్లీ లేవడం.

ధనశేఖర్ తెరను చూశాడు. తన డబ్బుతో తానే తీయించిన బొమ్మ.

"ఇది తొమ్మిది గంటలకు తీసినారు," అన్నాడు మునిచంద్ర. "కృపామణి ఆరింటికే బస్సెక్కింది. ఈ బొమ్మలో ముక్కులో దూది లేదు. కాసేపటికి నువ్వు నీళ్లు పోసేదానికి వచ్చినప్పుడు దూది ఉంది, గడ్డానికి గుడ్డ ఉంది. నోరు కట్టేసి, ముక్కు మూసేస్తే, బతికున్నవాడు ఎంతసేపు బతుకుతాడు? శవం ముక్కులో దూది ఉంటే మన కంటికి అది దూదిగా కనపడదు. నాకూ కనపడలేదు. ఏ ఇంట్లోనైనా నీళ్లు పోసినాకనే పెడతారు. ఈ ఇంట్లో ముందే పెట్టినారు. ఎవరు?"

ఎవరి పేరూ చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోయింది.

"నేనే సార్," అంది నాగవేణి.

ఆమె గొంతులో వణుకు లేదు. వంటింట్లో ఏదో మర్చిపోయినట్టు లేచి నిలబడి, మళ్లీ కూర్చుంది.

"పొద్దున సచ్చిపోయినాడనే అనుకున్నాను. ఏడ్సినాను. ఉత్తుత్తికి కాదు సార్, నిజంగానే ఏడ్సినాను. అమ్మ పోయినప్పుడు కూడా అట్ల ఏడ్వలేదు. ఏడ్సినాక లోపల ఏమీ లేదు. రేపు పొద్దున లేసి టీ పెట్టుకొని, అరుగు మీద కూర్చొని తాగొచ్చు అనుకున్నాను. ఇంకేం అనుకోలేదు."

"తరవాత?"

"ఆ పాప అలలు సూపించినాది. కదిలితే వస్తాదన్నాది. నేను నాయన పక్కకు సూసినాను. శాలువా లేస్తా ఉండాది, దిగతా ఉండాది."

"అప్పుడు ఎందుకు పిలవలేదు?"

"పిలవాలనే అనుకున్నాను. నోరు రాలేదు. పాప పోయినాక ఆయన ముందర కూర్చున్నాను. ఇప్పుడు ఆసుపత్రికి పోవాల. మళ్లీ తీసకరావాల. మళ్లీ మంచం. మళ్లీ ఒకదినం పోతాడు. ఆ దినం మళ్లీ ఏడ్వాల. ఏడ్సేదానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు సార్. పళ్లెంలో దూది ఉండింది."

ధనశేఖర్ "అక్కా" అన్నాడు. ఆమె అతని వైపు చూడలేదు.

"నాయన కండ్లు తెరిచినాడా?" అని అడిగింది ఆనందమ్మ. ఆ ప్రశ్న పోలీసుగా అడిగింది కాదు.

"తెరవలేదమ్మా. తెరిచింటే తీసేసిందును."

మునిచంద్ర కృపామణిని చూపించాడు. "ఈమెను జైలుకు పంపిస్తిమి గదా. అప్పుడేమనిపించింది నీకు?"

నాగవేణి మొదటిసారి ఆలోచించి జవాబు చెప్పింది.

"అనుకున్నాను సార్. పాపం, పిల్లలుండారే అనుకున్నాను. అనుకున్నాను గానీ లోపల ఏమీ అనిపించలేదు."

ఆనందమ్మ ఆమె చెయ్యి పట్టుకొని జీపు దగ్గరికి తీసుకుపోయింది. వీధిలో జనం మళ్లీ చేరారు. నాగవేణి తలదించుకోలేదు, ముఖం దాచుకోలేదు. ఆరేళ్ల తరవాత గడప దాటి వీధిలో నడిచింది.

కోర్టులో రిపోర్టు పెట్టాక మరో రెండు రోజులకు కృపామణిని విడుదల చేశారు. సాయంత్రం మునిచంద్ర తానే జీపులో బస్టాండుకు తీసుకొచ్చాడు. తప్పు జరిగిందమ్మా అని చెప్పాలని దారంతా అనుకున్నాడు. చెప్పాడు. ఆమె తల ఊపింది. పొరపాటని రాతపూర్వకంగా ఇస్తాననీ, ఇక ముందు ఏ ఇంటివాళ్లు అడిగినా తనకు ఫోను చేయమనీ చెప్పాడు. దానికీ తల ఊపింది. ఆమె ధ్యాస ఇంకెక్కడో ఉంది.

గూడూరు బస్సు ఇంకా రాలేదు. సిమెంటు బెంచీ మీద సంచి ఒళ్లో పెట్టుకొని కూర్చుంది.

"సార్, తొమ్మిదింటికి ఊపిరి ఉండిందన్నారు గదా."

"ఉండింది."

"అయితే ఆరింటికీ ఉండే ఉంటాది."

ఆమె సంచి తాడు వేలికి చుట్టుకుంది.

"బతికున్న మనిషిని ఆడ వదిలిపెట్టి నేను బస్సెక్కినాను గదా సార్."

అది నేరం కాదని అతనికి తెలుసు. ఏ సెక్షన్ కిందికీ రాదు. ఆ మాటే చెప్పబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. ఛాతీలో ఎక్కడో నొప్పి పుట్టింది. ఇన్నేళ్లలో అలాంటిది లేదు. అది బాధ అని గుర్తుపట్టడానికి అతనికి కొంతసేపు పట్టింది.

"ఆ ఇంట్లో ఆసుపత్రికి తీసకపోదామన్నది నువ్వొక్కదానివే," అన్నాడు చివరికి.

"అన్నాను సార్," అంది కృపామణి. "ఒక్కసారే అన్నాను."